సబ్హాన్ గోడౌన్లో జర్మన్ శ్రుతిపెట్టె

కువైట్ వెళ్లొచ్చానంటే మా వీధిలో అందరూ ముందు నా చేతుల వంక చూశారు, గాజులేమైనా పెరిగాయేమోనని. తర్వాత సముద్రం చూశావా, టవర్లు చూశావా, బంగారం కొట్లు చూశావా అని అడిగారు. ఏవీ చూడలేదు. నేను చూసింది ఒక వంటిల్లు, ఒక గోడౌను, ఒక జర్మన్ ముసలాయన. ఆ మాట చెబితే పక్కింటావిడ "అయ్యో పాపం" అంది. పాపమేమీ కాదని ఆవిడకు తెలియాలనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు ముసలాయన సంగతి. పేరు ఓట్మార్ గ్రేవెన్. ఎలక్ట్రానిక్ పరికరాల మీద సంగీతం కడతాడు. అందులో పాట ఉండదు, తాళం ఉండదు. ఒక స్వరం మెల్లగా పుట్టి, గదంతా పరుచుకుని, ఇంకో స్వరాన్ని వెంట పిలుచుకొచ్చి, అలా గంటసేపు ఉండిపోతుంది. మన కచేరీల్లో శ్రుతిపెట్టె వేసేవాడి పేరు ఎవరూ అడగరు. ఈయన జీవితమంతా ఒక్క శ్రుతిపెట్టె వేసినట్టే వేసి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నాడు.

నాకు ఆయన పరిచయమైంది మా ఆయన గురక పుణ్యమా అని. రాజమండ్రి కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునే రోజుల్లో, రాత్రిళ్లు చెవిలో పెట్టుకోవడానికి ఏదైనా ఉంటే ఇవ్వమ్మా అని ఒక విద్యార్థినిని అడిగితే ఈయన ఆల్బం ఇచ్చింది. పెట్టుకున్నాను. కళ్లు తెరిచేసరికి పాలవాడు గంట కొడుతున్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఆల్బంలన్నీ సంపాదించాను, ఆయన గురించి దొరికిందల్లా చదివాను, రిటైరయ్యాక ఆయన మీద తెలుగులో పుస్తకమే మొదలుపెట్టాను. పబ్లిషరూ దొరికాడు.

చిక్కల్లా ఒక్కటే. ఆయన సంగీతం ఒక్కటంటే ఒక్కటి కూడా నేను చివరిదాకా వినలేదు. పావుగంట దాటితే నిద్ర. పట్టపగలు విన్నా నిద్రే. ఒకసారి పంతం పట్టి నిలబడి విన్నాను, బీరువాకి ఆనుకుని నిద్రపోయాను. ఆయన ముగింపులు మహాద్భుతమని పెద్ద పెద్ద విమర్శకులంతా రాశారు. నా పుస్తకంలో ఆఖరి అధ్యాయం పేరు కూడా 'ముగింపులు'. అందులో పేరు తప్ప ఒక్క వాక్యం లేదు.

ఇలా ఉండగా మా పిన్ని కూతురు పద్మ మొగుడు సూరిబాబు కువైట్ నుంచి ఫోన్ చేశాడు. అమలాపురం దగ్గర వాళ్లది. సబ్హాన్‌లో ఒక ఖర్జూరాల గోడౌనుకి సూపర్వైజరు.

"వదినగారండీ, మా గోడౌన్‌కి ఓ జర్మనీ ముసలాయన వచ్చాడండి. కూలింగ్ మిషనుకి చెవి ఆనించి కళ్లు మూసేసుకుంటున్నాడండి. బాగుచెయ్యడానికొచ్చిన ఇంజినీరేమో అనుకున్నాం. కాదంటండి, దాని పక్కన కూర్చుని కచేరీ చేత్తాడంటండి!"

పేరు కనుక్కోమన్నాను. కనుక్కుని చెప్పాడు. అదే ఆయన ఆఖరి కచేరీ అనీ, ఆ తర్వాత ఇక వాయించననీ, అక్కడ ఎవరూ రికార్డు చేయకూడదనీ కూడా చెప్పాడు. ఈసారి కూడా నిద్రపోతే ఇక నా అధ్యాయం గతేం కాను? మా ఆయన్ని గురకకి వదిలేసి బయల్దేరాను.

హవల్లీ

పద్మ వాళ్ల ఫ్లాటు హవల్లీలో. కింద అంతా సెల్‌ఫోన్ల కొట్లు, పైన అంతా సంసారాలు. లిఫ్టులో ఆరుగురం ఎక్కితే ఆరు భాషలు. ఎవరు ఏ అంతస్తులో దిగాలో చెప్పడానికి మాత్రం అందరూ హిందీయే వాడతారు. పొద్దున్నే స్కూలు బస్సుల హారన్లు మా గోకవరం బస్టాండుని మరిపించాయి.

ఆ వీధిలో నాకు నచ్చింది ఇరానీ రొట్టె. పొయ్యిలోంచి తీసిన చేటంత రొట్టెని కాగితంలో చుట్టి చేతిలో పెడతారు, చిల్లర నాణెం ఇస్తే చాలు. మిగతా ఏది కొనాలన్నా నాకు గుణకారం గుర్తొచ్చేది. దినారంటే మన మూడొందలకి కాస్త తక్కువ. పద్మ వంకాయలు బేరం చేస్తుంటే నేను పక్కన నిలబడి మనసులో హెచ్చవేసుకుని "వద్దే, ఈ వంకాయలు తింటే అరగవే" అనేదాన్ని. అది నవ్వేది.

"అక్కా, ఇక్కడికొచ్చిన కొత్తలో అందరూ అలాగే లెక్కేస్తారు. అలా లెక్కేస్తే మంచినీళ్లు కూడా తాగలేం."

వేయకుండా ఎలా ఉంటాం చెప్పండి! టీ తాగినా, టాక్సీ ఎక్కినా నా నోరు తనంతట తనే మూడొందలు పెట్టి గుణించేది. ఆ రాత్రి పద్మ జుబైదీ అనే చేపతో పులుసు పెట్టింది. మన చందువా చేపకి అరబ్బు పేరు. ఒక ముక్క చాలంటే రెండు వేసింది, రెండు చాలంటే సూరిబాబు నొచ్చుకున్నాడు. కోనసీమ వాళ్లింట్లో వద్దనడం ఎంత కష్టమో నాకు తెలుసు. విమానమెక్కి ఇంత దూరమొచ్చినా తప్పలేదు.

సబ్హాన్

మర్నాడు రిహార్సల్. సూరిబాబు తన పికప్ బండిలో తీసుకెళ్లాడు. సబ్హాన్ అంతా గోడౌన్లు, వర్క్‌షాపులు. సెప్టెంబరు వచ్చినా ఎండ తగ్గలేదు. బండి దిగి గోడౌను తలుపుదాకా నడిచేలోపు నా చెప్పుల అడుగు మెత్తబడింది.

లోపల సూరిబాబు కింద పనిచేసే మనవాళ్లు నేల కడిగి, ఖర్జూరం పెట్టెలు గోడవారగా పేర్చి, తివాచీలు పరిచారు. గ్రేవెన్ గారు వచ్చారు. నిట్టనిలువు మనిషి, నిక్కరు, టోపీ, మీసాలంత కనుబొమలు. ఇరవై ఏళ్లుగా ఫొటోల్లో చూసిన మనిషి ఎదురుగా నిలబడ్డాడు. ఆయన ఎవరినీ చూడకుండా నేరుగా కూలింగ్ మిషను దగ్గరికెళ్లి చెవి ఆనించారు. చాలాసేపు ఆనించారు. తల ఎత్తి మా అందరినీ చూశారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చచ్చిపోయిందా?" అన్నారు ఇంగ్లీషులో.

సూరిబాబు ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు. "ఆపేశామండి! పొద్దున్నే ఆపేశాం. సౌండు లేకుండా చేశాం. మా ఊళ్లో రేడియో వోళ్లు బుర్రకథ రికార్డు చెయ్యడానికొచ్చినప్పుడు ఫేన్లు, నీళ్ల మోటారు, ఆఖరికి మా బామ్మ దగ్గు కూడా ఆపించేశారండి. ఆ మాత్రం మాకు తెలీదేంటండి?"

నేను తలపట్టుకున్నాను. ఆయన వచ్చిందే ఆ మోత కోసం. ఏళ్ల కిందట విమానం మారడానికి ఇక్కడ ఆగినప్పుడు, వేసవిలో ఈ దేశమంతా ఏసీ మిషన్లతో ఒకే మోత మోగుతోందని విని ముచ్చటపడ్డాడట. ఆఖరి కచేరీ ఆ మోతకి జోడుగా వాయించాలని కోరిక. ఆ సంగతి సూరిబాబుకి తెలుగులో చెప్పి, సూరిబాబు సంగతి ఆయనకి ఇంగ్లీషులో చెప్పాను. గ్రేవెన్ గారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. తన వాద్యాన్ని గౌరవం కొద్దీ నోరు మూయించినవాళ్లు ఇన్నేళ్లలో వీళ్లేనట.

మిషను మళ్లీ వేశారు. అయితే అది నిన్నటి శ్రుతికి రాలేదు, ఓ పిసరు పైన పలికింది. ఆయన పరికరాలన్నీ పాత శ్రుతికి సరిచేసి ఉన్నాయి. "మా ఇంట్లో ఫ్రిజ్జు దీంతోనే దారికొత్తాదండి" అంటూ సూరిబాబు మిషను నడుం మీద నాలుగు చరిచాడు. రాలేదు. పాపం పెద్దాయన ఒక్కో మీటా తిప్పుతూ అన్నీ మొదటినుంచి కలుపుకున్నాడు. అదైనా పూర్తిగా చూద్దామని పెట్టెలకి ఆనుకుని కూర్చున్నాను.

నన్ను లేపింది పద్మ ఫోను. గోడౌన్లో ఎవరూ లేరు, అందరూ టీకి వెళ్లారు. ఎవరో నా మీద గోనెపట్టా కప్పి వెళ్లారు. శ్రుతి కలపడానికే ఈ గతైతే కచేరీకి నా గతేమిటని ఏడుపొచ్చింది.

మిష్రిఫ్

పుస్తకం సంగతి చెప్పుకుంటే గ్రేవెన్ గారు మర్నాడు సాయంత్రం తన బసకి రమ్మన్నారు. ఆయన దిగింది మిష్రిఫ్‌లో, గోడౌను యజమాని విల్లాలో. కచేరీ పెట్టించింది ఆ ఇంటావిడే. సంగీతమన్నా బొమ్మలన్నా ప్రాణమట. తలుపు తీసిన వంటమనిషి లోపలికి తిరిగి "మామా" అని పిలిచి అరబ్బీలో ఏదో చెప్పింది. ఇంటావిడని అలా పిలవడం ఇక్కడి మర్యాద కాబోలనుకుని నేనూ చేతులు జోడించి "నమస్తే మామా" అన్నాను. ఆవిడ వింతగా చూసింది. పనివాళ్లు మాత్రమే యజమానురాలిని అలా పిలుస్తారని నాకు తర్వాత తెలిసింది.

వంటమనిషి పేరు ఓబుళమ్మ. రాయచోటి దగ్గరి పల్లె. నల్లగా, గట్టిగా, తలకి గుడ్డ చుట్టుకుని, చేతిలో పొడుగు మూతి ఇత్తడి కూజాతో నిలబడి ఉంది. పిడి లేని చిన్న గిన్నెలో అరబ్బు కాఫీ పోసింది, ఏలకుల వాసన. తాగాను. మళ్లీ పోసింది. మన ఇళ్లలో గ్లాసు ఖాళీ చేసి కింద పెడితే చాలని అర్థం కదా! గబగబా ఖాళీ చేసి పెట్టాను. మళ్లీ పోసింది. పెద్దింటివాళ్లు, మిగిలిస్తే తప్పుపడతారేమోనని మళ్లీ తాగాను. ఓబుళమ్మ మామా వెనకాల నిలబడి మణికట్టు అటూ ఇటూ ఊపుతోంది. పాపం చెయ్యి నొప్పేమో అనుకున్నాను. చివరికి ఆమె ఉండబట్టలేకపోయింది.

"అక్కా, గిన్నె ఊపక్కా! ఊపితే సాలని. ఊపకుంటే నేను తెల్లార్లూ పోస్తానే ఉండాల!"

ఊపాను. అప్పటికే నా గుండె దడదడలాడుతోంది. ఆ దడలోనే ప్రశ్నలు మొదలుపెట్టాను.

గ్రేవెన్ గారి కథ ఆయన నోటనే విన్నాను. ఉత్తర జర్మనీలో ఒక రేవు పట్నం. తండ్రి ఫ్రిజ్జులు బాగుచేసేవాడు, ఈయన ఆ ఫ్రిజ్జుల మధ్యే పడుకుని పెరిగాడు. కుర్రతనంలో ఒక రాక్ బృందంలో డ్రమ్ములు వాయిస్తే, మరీ నెమ్మదిగా వాయిస్తున్నావని వెళ్లగొట్టారట. సెకండ్‌హ్యాండ్ సింథసైజరు ఒకటి కొనుక్కుని ఒంటరిగా మొదలుపెట్టాడు. మొదటి రికార్డు చుట్టాలు కూడా కొనలేదు. పళ్ల డాక్టర్ల వెయిటింగు రూములకి సంగీతం చేశాడు, తర్వాత నక్షత్రశాలకి, తర్వాత రాత్రి రైళ్లకి. జుట్టు నెరిశాక కుర్రకారు ఆయన్ని కనిపెట్టి నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు చెవులు పోతున్నాయి. పక్షుల కూతలు వినబడవు, మిషన్ల మోత వినబడుతుంది. అందుకే ఇది ఆఖరిదన్నాడు. చెబుతున్నప్పుడు ఆ గొంతులో దిగులేమీ లేదు, నాకే మనసు బరువెక్కింది.

"మీకు నా ఆల్బంలలో ఏది ఇష్టం?" అని అడిగాడు.

"నిల్వ నీరు" అన్నాను.

"దాని చివర వచ్చే దగ్గు గురించి మీరేమంటారు?"

దగ్గా! అంతదాకా నేనెప్పుడు విన్నాను గనక! "మనిషి జీవితం ఎంత క్షణికమో ఆ దగ్గు చెబుతుంది" అన్నాను.

"అది మా బావమరిది. మళ్లీ రికార్డు చేయడానికి డబ్బుల్లేక అలాగే వదిలేశాను" అన్నాడాయన, ఆ కనుబొమల కింద నుంచి నన్నే చూస్తూ. దొరికిపోయానని నాకు తెలిసింది. ఆయనకీ తెలిసింది. పెద్దమనిషి, పైకి అనలేదు.

సిగ్గుతో వంటింట్లోకి పారిపోయాను. అక్కడ ఓబుళమ్మ రాగి సంగటి కెలుకుతోంది. ఊరి నుంచి తెచ్చుకున్న రాగి పిండి. జర్మన్ అతిథికి మామా చేయించే మాంసం అన్నం అరగక, ఈమె తన కోసం వండుకున్న సంగటీ, ఊరిమిండి అనే రోటిపచ్చడీ ఒక పూట ఆయనకి పెట్టిందట. ఇప్పుడు రోజూ అదే కావాలంటున్నాడు.

నాకూ ఒక ముద్ద పెట్టింది. వేరుశనగల ఊరిమిండితో ఎంత బాగుందో చెప్పలేను. తింటూ నా నిద్ర గోల చెప్పాను. ఆమె నవ్వి నవ్వి గరిటె కింద పెట్టేసింది.

"నీకు నిద్ర వచ్చేదే బాధా అక్కా? నాకైతే యాడుండాది నిద్ర! అర్ధరాత్రి దాటినా మామా ఫోన్ మోగుతాది, టీ అంటాది. తెల్లారకముందే పిల్లోళ్ల ఇస్కూలు డబ్బాలు. సెలవిచ్చి ఊరికి పంపితే, పోయేటప్పుడు ఇమానంలో పండుకుంటా. అదే నా నిద్ర."

"మరి ఇంటికి వెళ్లాక?"

"ఇంటికి పోతే అందరూ మాట్లాడాలంటారు కదక్కా" అంది. నేను నవ్వబోయి ఆగిపోయాను.

కచేరీ రోజు గోడౌన్లో కాఫీ పోయాల్సింది తనేనని, నా పక్కనే కూర్చుంటానని మాటిచ్చింది. "నువ్వు నిశ్చింతగా ఉండక్కా. కన్ను మూతపడితే సాలు, గిల్లుతా."

శుక్రవారం భోజనం

ఆ కాఫీ దెబ్బకి తెల్లార్లూ రెప్ప పడలేదు. ఆ రాత్రి రావలసిన నిద్రంతా పొద్దుటికి కళ్ల మీదే కాచుకుని ఉంది. అది చాలదన్నట్టు శుక్రవారం సెలవు. రాజమండ్రి నుంచి పుస్తకాలు రాసే ఆవిడ వచ్చిందని తెలిసి, ఆ బిల్డింగులోని కోనసీమ సంసారాలన్నీ తలా ఒక గిన్నె పట్టుకుని దిగాయి. కొబ్బరన్నం, గుత్తివంకాయ, చేపల వేపుడు, పెరుగావడలు, నెయ్యి ఓడుతున్న బొబ్బట్లు.

"సాయంత్రం కచేరీ ఉందర్రా, కొంచెమే పెట్టండి" అని వేడుకున్నాను.

"కూర్చుని వినడానికి బలం ఉండాలి కదండీ" అన్నాడు సూరిబాబు, ఇంకో బొబ్బట్టు వేస్తూ.

ఒకరి గిన్నె ముట్టుకుని ఇంకొకరిది ముట్టుకోకపోతే వచ్చే మాటలు నాకు తెలుసు. అన్నీ ముట్టుకున్నాను. పెరుగన్నంతో సహా. పికప్ బండిలోకి నన్ను మనిషిని ఎక్కించినట్టు కాదు, బస్తాని ఎక్కించినట్టు ఎక్కించారు.

మళ్లీ సబ్హాన్

సాయంత్రం నమాజు అయ్యాక జనం వచ్చారు. తెల్లటి పొడుగు చొక్కాల మగవాళ్లు, సెంటు ఘుమఘుమల ఆడవాళ్లు, వెనక మా గోడౌను బృందం. అందరం చెప్పులు విప్పి తివాచీల మీద కూర్చున్నాం. నేను వెనక గోడవార, పక్కన కాఫీ కూజాతో ఓబుళమ్మ. మిషను మోగుతోంది. గ్రేవెన్ గారు వంగి దానికి దండం పెట్టినట్టు తలూపి, ఒక మీట పైకి నెట్టారు.

ఏమని చెప్పను! మిషను మోతలోంచే ఇంకో మోత లేచింది. రెండూ కలిశాయో విడిగా ఉన్నాయో తెలియలేదు. హాయిగా ఉంది. హాయి అంటే నాకు భయం. కన్ను మూతపడింది. ఓబుళమ్మ గిల్లింది. అమ్మో, ఏం గిల్లుడు! మళ్లీ పడింది, మళ్లీ గిల్లింది. రాగి సంగటి కెలికిన చెయ్యి కదా, గిల్లినచోట కమిలిపోయింది. ఆ మంటతో కాసేపు బాగా విన్నాను. నేనెప్పుడూ దాటని చోటు దాటాను. అక్కడ స్వరాలు తగ్గుతున్నాయి, ఒక్కోటీ సెలవు తీసుకుని వెళ్లిపోతోంది. ఇదన్నమాట విమర్శకులు చెప్పింది!

మళ్లీ కళ్లు బరువెక్కాయి. గిల్లుడు రాలేదు. ఎదురుచూశాను, రాలేదు. మాటిచ్చి తప్పుతుందా అని కోపంగా పక్కకి తిరిగాను.

ఓబుళమ్మ నిద్రపోతోంది. కాళ్లు చాపుకుని, నోరు కొంచెం తెరిచి, చేతిలో కూజా అలాగే ఒళ్లో పెట్టుకుని. సన్నగా గురక కూడా. తల నా భుజం మీద పడింది. దెబ్బకి నా మత్తు వదిలిపోయింది. ముందు వరుసలో మామా ఉంది. ఆవిడ చూస్తే?

చూసింది. కాఫీ పోసే వేళైంది కాబోలు, లేచి వచ్చింది. ఓబుళమ్మని చూసి మొహం ఎర్రబడింది. భుజం పట్టి కుదపడానికి చెయ్యి చాచింది. నాకెక్కడి ధైర్యం వచ్చిందో తెలియదు, ఆ చెయ్యి పట్టేసుకున్నాను. బంగారు గాజుల నిండు చెయ్యి. ఆవిడ నా వంక చూసిన చూపుకి కాలిపోవాలి.

"కాఫీ" అంది ఇంగ్లీషులో, పళ్ల బిగువున. "అతిథులున్నారు."

"నేను పోస్తాను. దయచేసి లేపకండి" అన్నాను.

అప్పుడే మీటలన్నీ కిందికి వచ్చేశాయి. ఆయన ఎప్పుడు ఆపాడో నాకు తెలియనే లేదు. మిషను ఒక్కటే మిగిలింది. ముగింపు అయిపోయింది! నేను ఇరవై ఏళ్లుగా పోగొట్టుకున్న ముగింపు, ఒకావిడ చెయ్యి పట్టుకుని గొడవపడుతుండగా అయిపోయింది. సూరిబాబు చప్పట్లకి చేతులెత్తాడు. గ్రేవెన్ గారు మా వైపు చూశారు. రోజూ తనకి సంగటి పెట్టిన మనిషిని చూశారు. పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సూరిబాబు చేతులు గాల్లోనే ఉండిపోయాయి. అంత పెద్ద సంగీతకారుడు వద్దంటుంటే మామా మాత్రం ఏం చేస్తుంది? ఓబుళమ్మ ఒళ్లోంచి మెల్లగా కూజా తీసుకుని తనే పోయడానికి వెళ్లింది. ఎంతకాలమైందో పాపం ఆవిడ పోసి, సగం గిన్నెల్లో, సగం తివాచీ మీద. అతిథులు తాగి, గిన్నెలు ఊపి, చెప్పులు చేతపట్టుకుని మునివేళ్ల మీద బయటికి వెళ్లారు. మా గోడౌను బృందం కూడా వెళ్లింది.

సందడి పోయేసరికి ఓబుళమ్మ ఉలిక్కిపడి లేచింది. కళ్లు పూర్తిగా తెరవకముందే నోరు తెరిచింది.

"వస్తాండా మామా! వస్తాండా!"

మామా ఎదురుగా కూజాతో నిలబడి ఉంది. చాలాసేపు ఆమెనే చూసింది. తర్వాత చాలా చిన్నగా, "నామీ" అంది.

ఓబుళమ్మ కదల్లేదు. నాకు అర్థం కాక ఏమిటని అడిగాను.

"పండుకో అంటాంది అక్కా. పిల్లోళ్లతో అంటాది ఆ మాట. నాతో అనడం నేను ఎప్పుడూ ఇనలా."

గ్రేవెన్ గారు మళ్లీ కూర్చున్నారు. ఎవరూ అడగలేదు, తనంతట తనే ఒక మీట పైకి నెట్టారు. ఓబుళమ్మ ఒక్క క్షణం మామా వంక చూసి, తలగుడ్డ మొహం మీదికి లాక్కుని, తివాచీ మీద ముడుచుకుని పడుకుంది. మామా కూజా కింద పెట్టి ఆమెకు అవతలి పక్క చతికిలబడింది. నేను ఇవతలి పక్క ఉన్నాను. ఆయన మొత్తం మొదటినుంచి వాయించాడు. మేమిద్దరం చివరిదాకా మేలుకుని విన్నాం.